కాతో మెడ

ఆర్బేక్
1976 ఏప్రిల్ 11

జుల్మా అక్కకు,

నేను బాగానే ఉన్నాను. మోకాలు తన సంగతి తను చూసుకుంటోంది. నీ దగ్గు తగ్గిందనుకుంటాను.

ఇక్కడ వాన లేదు. బీట్‌దుంపలు వేశారు. మొలక రాలేదు.

ఒక విషయం ఉంది. రాయాలా వద్దా అని చాలా రోజులు చూశాను. వచ్చే జనవరి ఒకటి నుంచి మన ఊరు ఉండదు. ఇళ్ళుంటాయి, చర్చి ఉంటుంది, ఇర్మా బీరు కొట్టు ఉంటుంది. పేరు ఉండదు. బ్రస్సెల్స్‌లో పెద్దలు చిన్న ఊళ్ళన్నిటినీ పక్క ఊళ్ళలో కలిపేస్తున్నారు. మనల్ని స్టాల్‌హోవలో కలిపారు. ఇకమీదట కాలవకి అవతల స్టాల్‌హోవ, ఇవతల కూడా స్టాల్‌హోవే.

మన మేయరు ఒనొరే చర్చి మెట్ల మీద నిలబడి చెప్పాడు. ఎవరూ నోరెత్తలేదు. ఇర్మా మాత్రం, "అయితే మేయరు గారూ, మేం అడ్డతలలమా, మీగడనాకుళ్ళమా? నిద్రపోయే ముందు తెలిస్తే బావుంటుంది" అంది. మనల్ని వాళ్ళు వెక్కిరించే మాటా, వాళ్ళని మనం వెక్కిరించే మాటా ఒకే వాక్యంలో వినడం నాకదే మొదలు.

అంతటితో పోలేదు. రెండు ఊళ్ళూ కలిసినందుకు సెప్టెంబరు తిరునాళ్ళలో పెళ్ళి చేస్తారట. ఊరేగింపులో మోసే మన బెత్తపు బొమ్మ కాతోని వాళ్ళ బొమ్మ పొడుగు సాండర్‌కి ఇస్తారట. కాలవ వంతెన మీద పెళ్ళి. పెళ్ళయ్యాక కాతో అత్తారింటికి వెళ్ళాలట. వాళ్ళ మునిసిపల్ ఆఫీసు కింద గదిలో, గాజు తలుపుల వెనక మొగుడూ పెళ్ళాల్ని పక్కపక్కన నిలబెడతారట.

ఆ బెత్తపు మనిషిని మోసే సత్తువ నాకిప్పుడు లేదు. నలుగురు కుర్రాళ్ళు లోపల దూరి మోస్తారు. నేను వాళ్ళ మధ్య నడుస్తూ తల తాడు లాగుతాను. బయట జనం కేకలు వేస్తుంటారు. లంగా కింద నేనెవరికీ కనపడను. నాకదే బాగుంటుంది.

తిరునాళ్ళ కమిటీ వాళ్ళు ఇంటికొచ్చి కాతో మెడ బాగుచెయ్యమన్నారు. పెళ్ళిలో "ఇష్టమేనా" అని అడిగితే కాతో తలూపాలి కదా. నాన్న చేసిన మెడ అడ్డంగానే ఊగుతుంది. నిలువుగా ఊగదు. ఆమె కాదనగలదు, అవుననలేదు.

చూస్తానన్నాను.

నీ తమ్ముడు
ఓడియేల్


జిలీ
ఏప్రిల్ 25

ఒరే ఓడియేల్,

చూస్తానన్నావా. ఏ దేశంలోనైనా "చూస్తాను" అంటే అర్థం ఒకటే. టోపీ చేత్తో పట్టుకుని రేపొచ్చి చేసిపెడతానని. నీకు డెబ్భై దాటాయి, ఇంకా మేయరు ఎదురొస్తే గోడకి అతుక్కుపోతావు. ఆ గోడలకి సున్నం వెయ్యక్కర్లేదు, నీ కోటే చాలు.

దగ్గు తగ్గలేదు. ఇక్కడ బొగ్గు గనులు మూసేశారు, దుమ్ము మాత్రం ఉద్యోగం మానలేదు. మా ఆయన ఫెర్నాన్ పోయి ఇన్నేళ్ళయినా కిటికీ తుడిస్తే గుడ్డ నల్లగానే వస్తుంది. ఆయనే తిరిగొచ్చి చెయ్యి పెట్టినట్టుంటుంది.

మనవరాలు నికోల్ నీ ఉత్తరం తిరగేసి చూసింది. దానికి మన భాష రాదు. "మీ ఊరు దేనికి పేరుమోసింది అమ్మమ్మా?" అంది. "కాదనడానికి" అన్నాను. "ఇంకా?" అంది. "ఇంకేం లేదు" అన్నాను. నవ్వింది. నేను నవ్వలేదు, నిజమే కదా.

తర్వాత కూర్చోబెట్టి చెప్పాను. స్పెయిన్ దళపతి గుర్రమెక్కి వచ్చి ఊరి తలుపుల తాళాలు అడిగాడని, మగాళ్ళంతా చేలకడ్డంపడి పారిపోయారని, పాలమ్ముకునే కాతో ఒక్కతే కుండ చంకన పెట్టుకుని నిలబడి తల అడ్డంగా ఊపిందని. తర్వాత ఫ్రెంచివాళ్ళొచ్చి చర్చి గంట అడిగారు. అడ్డంగా ఊపారు. డచ్చివాళ్ళు పన్ను అడిగారు. అడ్డంగా ఊపారు. జర్మన్లు సైకిళ్ళు అడిగితే సైకిలంటే ఏమిటన్నారు. అంతవరకూ బాగానే ఉంది. మధ్యలో ఒకసారి రైలు వాళ్ళు మర్యాదగా వచ్చి స్టేషన్ కట్టుకుంటామన్నారు. ఆవులు బెదిరి పాలు విరుగుతాయని దానికీ అడ్డంగానే ఊపారు. రైలు స్టాల్‌హోవకి పోయింది. రైలు వెంట సంత పోయింది, సంత వెంట నేతమిల్లు పోయింది, మిల్లు వెంట డాక్టరు పోయాడు. ఇప్పుడు ఊరి పేరు కూడా అదే బండెక్కుతోంది. అడిగినవాడు దొంగా దొరా అని చూడకుండా అందరికీ ఒకటే జవాబిస్తే ఇంతే.

కాతోకి పెళ్ళన్నావు. ఆమెని ఎవరైనా అడిగారా?

సరేలే. ఆ ఊరితో నాకేం పని. జున్ను పంపుతున్నాను, ఎండ తగలనివ్వకు.

జుల్మా


ఆర్బేక్
జూన్ 20

జుల్మా అక్కకు,

జున్ను అందింది. ఎండ తగిలింది. తిన్నాను.

ఇలాంటి ఎండలు నేనెరగను. కాలవలో పడవలు బురదకి ఆనుకున్నాయి. అవతలి ఒడ్డున స్టాల్‌హోవ ఆవులు కనపడుతున్నాయి. మనవాటిలాగే ఎముకలు తేలాయి.

కాతో తల మన ఇంట్లో ఉంది. కమిటీ వాళ్ళు తోపుడుబండి మీద తెచ్చి వంటింటి బల్ల మీద పెట్టారు. కాఫీ తాగుతుంటే నన్నే చూస్తుంది. నేను కుర్చీ పక్కకి తిప్పుకుని తాగుతున్నాను.

మేయరు రోజూ గుమ్మం ముందు సైకిలు ఆపుతాడు.

"ఏం ఓడియేల్, మెడ ఎంతదాకా వచ్చింది?"

"బెత్తం ఇంకా నానలేదండి."

"ఇన్నాళ్ళా?"

"నీళ్ళేవండీ."

ఆయన చెడ్డవాడు కాదు. కొత్త ఊరొస్తే మురుగుకాలవలు వస్తాయంటాడు, పిల్లలకి బడి బస్సు వస్తుందంటాడు. మొన్న ఇర్మా కొట్లో అందరి ముందూ అన్నాడు. "పేరులో ఏముందయ్యా? పేరుతో సూపు కాచుకుంటామా?"

"ఏమీ లేదు కదా?" అంది ఇర్మా, గ్లాసులు తుడుస్తూ. "అయితే వాళ్ళ పేరు తీసేసి మన పేరు పెట్టుకోమనండి. వాళ్ళకీ సూపుకి అక్కర్లేదుగా."

అందరూ నవ్వారు. మేయరు చెవులు ఎర్రబడ్డాయి. "నీకు తమాషాగా ఉంది ఇర్మా. ఓడియేల్ పెద్దమనిషి, ఆయన్ని చెప్పమను" అన్నాడు. అందరూ నా వైపు తిరిగారు. నేను గ్లాసులోకి చూశాను.

"బీరు చల్లగా ఉంది" అన్నాను.

అయితే ఒక మాట మాత్రం అన్నాను, మేయరు వెళ్ళాక, ఇర్మాతో. నాన్న అనేవాడు కదా, ఆర్బేక్ పిల్ల స్టాల్‌హోవకి కాపురానికి వెళ్ళదు అని. ఆ మాట చెప్పాను. ఇర్మా వెంటనే సున్నం బకెట్టు తెచ్చి వీధివైపు గోడ మీద అంతెత్తు అక్షరాలతో రాసింది. ఇప్పుడు ఊరంతా అదే అంటున్నారు. పిల్లలు సైకిళ్ళ మీద పాడుకుంటున్నారు. మేయరు ఆ వీధిలోంచి రావడం మానేశాడు.

నాన్న ఉంటే సంతోషించేవాడు. నేను మెడ ముట్టుకోదలచుకోలేదు. నాన్న చేసినట్టే ఉంచుతాను. పెళ్ళిలో వాళ్ళు అడగనీ, నేను తాడు లాగుతాను. కాతో ఉన్నచోటే ఉంటుంది.

నువ్వు సంతోషిస్తావని రాశాను.

ఓడియేల్


జిలీ
జులై 4

ఓడియేల్,

నాన్న మాట గోడకెక్కిందా. బాగుంది. ఆ మాట ఆయన మొదటిసారి ఎవరి గురించి అన్నాడో తెలుసా నీకు? కాతో గురించి కాదు.

ఆ ఏడు నువ్వు మామయ్యల వెంట ఫ్రాన్సులో దుంపలు తవ్వడానికి వెళ్ళావు. అప్పటికింకా మీసం రాలేదు నీకు. నేను స్టాల్‌హోవలో కుట్టుపని నేర్చుకుంటూ రోజూ వంతెన దాటి నడిచి వెళ్ళేదాన్ని. అఖీల్ అని ఒకడు, ఇంటి పెంకులు చేసేవాళ్ళ అబ్బాయి, వంతెన మీద నిలబడేవాడు. ఏమీ మాట్లాడేవాడు కాదు. అచ్చం నీలాగే. బట్టీ మట్టితో చేతులెప్పుడూ ఎర్రగా ఉండేవి. ఒకరోజు టోపీ నలుపుతూ, "మా ఇంట్లో కూడా కిటికీలకి తెల్ల తెరలే" అన్నాడు. పెళ్ళి చేసుకుంటావా అని అడగడం వాడికి ఆ మాత్రమే వచ్చింది. నేను సరేనన్నాను. తలూపడం కాదు, నోటితోనే అన్నాను.

ఆదివారం మన ఇంటికొచ్చాడు. అమ్మ కాఫీ పోసింది. పాత కాతో మొదటి యుద్ధంలో జర్మన్లు ఊరు తగలబెట్టినప్పుడు పోయింది కదా, కొత్త కాతోని నాన్న ఆ వారమే అల్లుతున్నాడు. బెత్తాల మధ్యలోంచి లేవనైనా లేవకుండా, "ఆర్బేక్ పిల్ల స్టాల్‌హోవకి కాపురానికి వెళ్ళదు" అన్నాడు. అంతే. అఖీల్ కాఫీ తాగకుండా వెళ్ళిపోయాడు. నేనక్కడే ఉన్నాను, నాన్నకి బెత్తాలందిస్తూ. నన్నెవరూ అడగలేదు. సాయంత్రం వీధిలో వాళ్ళంతా వచ్చి నాన్న భుజం తట్టారు. ఊరి పరువు నిలబెట్టాడట. దళపతులకీ దొరలకీ చెప్పాల్సిన మాటని తెచ్చి ఇంట్లో ఆడపిల్ల నెత్తిన పెట్టారు.

ఇంకొకటి కూడా చెప్తాను, గోడ మీద చోటుంటే రాసుకోండి. కాతో మెడకి రెండు తాళ్ళుండాలి. నాన్న రెండోదానికి కన్నం పెట్టడం మర్చిపోయాడు. తల బిగించాక నేనే చూసి, "నాన్నా, ఇది కిందకి ఊగట్లేదు" అన్నాను. ఆయన చూశాడు. విప్పితే మళ్ళీ వారం పని. "దానికది అక్కర్లేదు" అన్నాడు. ఇక ఊరు ఊరంతా దానికో గొప్ప అర్థం కట్టింది. మా కాతోకి అవుననడమే రాదని రొమ్ము విరుచుకున్నారు. పెట్టడం మర్చిపోయిన కన్నానికి ఇన్నేళ్ళుగా టోపీలు తీసి దణ్ణం పెడుతున్నారు.

ఆ శీతాకాలం నేను అట్టపెట్టె పట్టుకుని ఇక్కడికొచ్చాను. నేర్చుకున్న మొదటి ఫ్రెంచి ముక్క "అవునమ్మగారూ". పొద్దున్నించి రాత్రిదాకా అదే. తర్వాత ఫెర్నాన్ దొరికాడు, మంచివాడు, నాకు లోటు చెయ్యలేదు. నా గొడవ అది కాదు.

మెడ బాగుచెయ్యి. స్టాల్‌హోవ వాళ్ళ కోసం కాదు, మేయరు కోసం కాదు. ఆ ఊళ్ళో ఒక్క ఆడదానికైనా మెడ రెండువైపులా తిరగనీ.

జుల్మా


ఆర్బేక్
ఆగస్టు 1

జుల్మా అక్కకు,

చదివాను. మళ్ళీ చదివాను.

నేను ఫ్రాన్స్ నుంచి వచ్చేసరికి నువ్వు లేవు. దక్షిణాన మంచి ఇంట్లో పని దొరికిందన్నారు. నీకోసం వాసన సబ్బు తెచ్చాను. అమ్మ వాడుకుంది. నాకు తెలిసిందంతే.

ఇర్మా గోడ తుడిచాను. పట్టపగలే తుడిచాను, వేరే వీలు లేదు, కొట్టు రాత్రంతా తెరిచే ఉంటుంది. ఇర్మా బయటికొచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"ఏం చేస్తున్నావు ఓడియేల్?"

"తుడుస్తున్నాను."

"అది కనపడుతూనే ఉంది. ఒనొరే పంపాడా?"

"లేదు. ఆ మాట మనది కాదు."

"మీ నాన్నదే అన్నావు కదయ్యా?"

"నాన్నదే. అడగకుండా అన్నాడు."

ఇర్మా లోపలికి వెళ్ళి ఇంకో గుడ్డ తెచ్చింది. పైన నాకందని అక్షరాలు తను తుడిచింది.

మెడ విప్పాను. నువ్వు చెప్పింది నిజం. రెండో కన్నం ఎక్కడ పెట్టాలో నాన్న బొగ్గుతో గుర్తు పెట్టుకున్నాడు. గుర్తు అలాగే ఉంది. కన్నం లేదు. ఆ గుర్తు మీదే పెట్టాను. ఇప్పుడు తాళ్ళు రెండు. నల్లది అడ్డతాడు, ఎర్రది నిలువుతాడు. వంటింట్లో ఎర్రది లాగి చూశాను. కాతో నన్ను చూసి తలూపింది. కుర్చీ మళ్ళీ ఆమె వైపు తిప్పుకున్నాను.

మేయరు వచ్చి చూసి, "చివరికి దారికొచ్చావు" అన్నాడు. "మెడ బాగైందండి" అన్నాను.

ఇప్పుడు నాకొక ఇబ్బంది ఉంది. ఎర్రది లాగితే కాతో వెళ్ళిపోతుంది. ఆమె నిలబడే కొట్టాం ఖాళీ అవుతుంది. పేరూ పోయి, ఆమే పోతే, ఇక ఇది ఒక ఊరు అని చెప్పడానికి ఏమీ ఉండదు. అది నేను తట్టుకోలేను. నల్లది లాగితే అది నాన్న లాగినట్టే. ఎర్రది లాగితే మేయరు లాగినట్టే. రెండిట్లోనూ కాతో లేదు.

నువ్వు రా. నువ్వు లాగు. నీ మెడ మీద ఎవరి తాడూ లేదు. ఏది లాగుతావో నేనడగను. కుర్రాళ్ళకి చెప్తాను, నువ్వు ఎటంటే అటు నడుస్తారు. లంగా కింద ఎవరికీ కనపడవు.

అఖీల్ గురించి ఇర్మాని అడిగాను, మాటల్లో మాటగా. నాలుగేళ్ళ కింద పోయాడట. భార్య ఉంది, పిల్లలున్నారు. బట్టీ బాగానే నడిచిందట. పందెం పావురాలు పెంచేవాడట. వాటిలో ఒకదాని పేరు జుల్మా అట. అది ఎప్పుడూ ఆఖర్న వచ్చేదట. అయినా అమ్మలేదట.

ఓడియేల్


జిలీ
ఆగస్టు 22

ఒరే,

డెబ్భై నాలుగేళ్ళ ముసలిదాన్ని లంగా కింద దూరమంటావా. నా లంగా కిందే నాకు నడవడం రావట్లేదు. నికోల్‌కి చెప్తే పడీపడీ నవ్వి, తర్వాత టికెట్టు కొనుక్కొచ్చింది.

తిరునాళ్ళ ముందురోజు, శనివారం మధ్యాహ్నం బండికి దిగుతాను. ఎక్కడ దిగుతాను? స్టాల్‌హోవలో. మనకి స్టేషన్ వద్దు కదా. వంతెన దాటి నడిచి వస్తాను. నువ్వు ఎదురు రాకు, ఆ దారి నాకు తెలుసు.

ఊళ్ళో ఎవరికీ చెప్పకు. ఏ తాడు అని ఇర్మా చేత కూడా అడిగించకు. నీ కొట్టాం కోసం జాలిపడి లాగుతాననుకోకు. మీరంతా నా కోసం ఎప్పుడు జాలిపడ్డారు గనక.

పావురానికి నా పేరు పెట్టాడా. వెధవ.

అది బతికే ఉందా?

జుల్మా


ఆర్బేక్
సెప్టెంబరు 15

జుల్మా అక్కకు,

నీకు ఆదివారం రాత్రి బండి అందిందని నికోల్ కార్డు రాసింది. స్టేషన్‌కి నేను రాలేకపోయాను. కారణం నీకు తెలుసు. సాండర్‌ని కొట్టాంలో నిలబెట్టడానికి దూలం ఒకటి కొయ్యాల్సొచ్చింది. మనిషి పొడుగు.

నువ్వు లంగా కింద ఉండగా బయట ఏం కనపడిందో రాయమన్నావు. నాకు చెప్పడం రాదు. అయినా రాస్తాను, ఎందుకంటే ఇన్నేళ్ళలో నేను కాతోని బయటినుంచి చూడటం ఇదే మొదలు. ఎప్పుడూ లోపలే ఉన్నాను. ఆమె ఇంటి కప్పుల మీదుగా చూస్తుందని నాకు తెలియదు. పాడైతే నేను మళ్ళీ అల్లిన నడుమే గాలిలో ఊగుతుంటే కొత్తగా అనిపించింది.

వంతెనకి ఇవతల మనవాళ్ళు, అవతల వాళ్ళు. రెండువైపులా రెండు బ్యాండ్లు ఒకేసారి వేరు వేరు పాటలు వాయించాయి. స్టాల్‌హోవ ఆడవాళ్ళు నిచ్చెనలెక్కి కాతో చేతినీ సాండర్ చేతినీ తెల్ల రిబ్బనుతో కట్టారు. గాలికి ఊడుతుందని ముడి మీద ముడి వేశారు. "గట్టిగా కట్టండమ్మా, మా పిల్లకి పారిపోయే అలవాటుంది" అని ఇర్మా అరిచింది.

వాళ్ళ మేయరు కాగితం తీశాడు. కంఠం మంచిది ఆయనకి. "ఆర్బేక్ కాతో, స్టాల్‌హోవ సాండర్‌ని పెళ్ళాడటం నీకిష్టమేనా?"

కాతో మొదట అటు చూసింది. తర్వాత ఇటు చూసింది. మనవాళ్ళు అడ్డంగా ఊపిందనుకుని కేకలు మొదలుపెట్టారు. అది ఊపడం కాదు, చూడటమని నాకు తెలిసింది. అందరినీ ఒక్కొక్కరినే చూసింది. కేకలు ఆగాయి. అప్పుడు తల నిలువుగా ఊపింది. ఒక్కసారే, నెమ్మదిగా.

మన ఊరు అవుననడం ఎవరూ చూడలేదు కదా. ఎలా ఉండాలో తెలియలేదు. ఇర్మా ఏడ్చింది, ఎందుకో ఆమెకే తెలియదట. మేయరు ఒనొరే టోపీ ఎగరేశాడు. అవతల ఒడ్డంతా ఒకటే చప్పట్లు. నేను రెయిలింగ్ పట్టుకున్నాను. పోనీలే అనుకున్నాను. నువ్వు అన్నావు, అంతే చాలనుకున్నాను. కొట్టాంలో బంగాళాదుంపలు పోసుకోవచ్చనుకున్నాను.

వాళ్ళ మేయరు కాగితం తిప్పాడు. "అయితే కాతో, నీ ఊరూ పేరూ ఇక్కడే వదిలి మాతో స్టాల్‌హోవకి కాపురానికి వస్తావా?"

కాతో తల అడ్డంగా ఊపింది.

తాడు చిక్కుకుందనుకున్నాడాయన. చెవిటివాళ్ళని అడిగినట్టు గట్టిగా మళ్ళీ అడిగాడు. మళ్ళీ అడ్డంగా ఊపింది, ఈసారి మేకులు ఊడతాయేమో అన్నంతగా. ఇక వెనక్కి తిరిగింది. నడిచింది. ముడి మీద ముడి కదా. సాండర్ చెయ్యి లాగింది. లోపల ఉన్న వాళ్ళ కుర్రాళ్ళకి బయట ఏం జరుగుతోందో ఏం తెలుస్తుంది, చెయ్యి ఎటు లాగితే అటు నడిచారు. వంతెన దిగి, చర్చి దాటి, కొట్టాం దాకా వచ్చాక గానీ కిందినుంచి తల బయటపెట్టి చూసుకోలేదు.

"ఇదెక్కడ?" అన్నాడు వాళ్ళలో ఒకడు.

"అత్తారిల్లు నాయనా" అంది ఇర్మా. "ఇల్లరికం వచ్చావు. బీరు తాగుతావా?"

తాగారు.

ఓడియేల్


జిలీ
అక్టోబరు 3

ఒరే తమ్ముడూ,

నీ ఉత్తరం నికోల్‌కి ఫ్రెంచిలో చదివి వినిపించాను. మళ్ళీ చదవమంది. ఇల్లరికం అన్న మాటకి ఫ్రెంచి దొరక్క చేతులతో చూపించాను.

ఇక లోపలి సంగతి విను. చీకటి, చెమట వాసన, నీ కుర్రాళ్ళ బూట్లు నా పాదాల మీద. ఒకడు, "అమ్మమ్మా, ఏది లాగుతావు?" అన్నాడు. "నీ చెవి లాగుతా, నడువు" అన్నాను. నిజం చెప్పాలంటే వంతెన ఎక్కేదాకా నా చెయ్యి నల్లతాడు మీదే ఉంది. ఇన్నేళ్ళూ దాచుకున్నదంతా ఒక్క ఊపులో అవతలి ఒడ్డు మొహాన కొడదామనుకున్నాను.

అప్పుడు ఆయన అడిగాడు. నీకిష్టమేనా అని. నన్ను కాదు, బెత్తపు బొమ్మని. అయినా ఆ మాట విని ఎన్నేళ్ళయిందిరా. లంగాకి కుట్టుకిందుగా చిన్న చీలిక ఉంది, నీకు తెలుసు కదా, దాంట్లోంచి సాండర్ కనపడ్డాడు. ఎర్రటి చేతులు వేశారు వాడికి, ఏ రంగువాడి చాదస్తమో. ఇన్నేళ్ళూ కాలవ అవతల వానలో నిలబడి ఇటే చూస్తున్నట్టున్నాడు. వాడికి కాదని ఎందుకు చెప్పాలి? పిల్లవాడిలో తప్పేముంది? పిల్లతోపాటు ఇల్లూ పేరూ అడిగేవాళ్ళలో ఉంది తప్పు. వాడికి అవునన్నాను. వాళ్ళకి కాదన్నాను. ఒక మెడకి రెండు తాళ్ళెందుకో నాన్నకి ఇప్పటికైనా తెలిసే ఉంటుంది.

తిరగండి అని కుర్రాళ్ళకి చెప్పింది నేనే. ఒకడు, "ముడి ఉందమ్మమ్మా, వాడూ వస్తాడు" అన్నాడు. "రానీ, భోజనం పెడదాం" అన్నాను.

వాళ్ళు సాండర్‌ని తిరిగి అడుగుతున్నారా? ఇవ్వకండి. అడిగిన వాళ్ళందరికీ కాదనమని కాదు నేననేది. వీళ్ళకి అనండి.

జుల్మా


ఆర్బేక్
1977 జనవరి 4

జుల్మా అక్కకు,

కొత్త సంవత్సరం నీకూ నికోల్‌కీ బాగుండాలి. మంచు పడింది.

సాండర్ కోసం మూడుసార్లు మనుషులొచ్చారు. ఇర్మా ప్రతిసారీ, "తీసుకెళ్ళండి, ఎవరాపారు? పెళ్ళాన్ని అడగండి" అంది. వాళ్ళు కొట్టాంలోకి వచ్చి కాతోకి ఎదురుగా నిలబడి అడిగారు, నిజంగానే. నేను వెనకనుంచి తాడు లాగాను. చివరికి ఒప్పందమైంది. తిరునాళ్ళకి అల్లుడు పుట్టింటికి వెళ్ళొస్తాడు. మిగతా రోజులు ఇక్కడే. మేయరు ఒనొరే ఇప్పుడు మేయరు కాదు. కొత్త ఊరికి మేయరొకడే, అవతలాయన. ఒనొరే కొట్టాంలోకి వచ్చి బొగ్గుల పొయ్యి దగ్గర కూర్చుంటున్నాడు. "పేరు పోయింది గానీ ఓడియేల్, మనిషి ఉంది" అన్నాడు మొన్న. నేను పొయ్యిలో బొగ్గు వేశాను.

ఇర్మా గోడ మీద మళ్ళీ రాసింది. ఈసారి మూడే మాటలు. "ముందు ఆమెని అడగండి." నన్ను అడిగే రాసింది.

ఊరి మొదట బోర్డు తీసేశారు. కొత్తది పెట్టారు. దాని మీద మంచు కప్పింది, ఎవరూ తుడవలేదు.

పైదంతా నిన్న రాసింది. ఇది ఇవాళ రాస్తున్నాను.

నిన్న ఈ కవరు పట్టుకుని పోస్టాఫీసుకి వెళ్ళాను. కిటికీ దగ్గర కొత్తమ్మాయి ఉంది. కవరు వెనక నా చిరునామా చూసింది.

"తాతగారూ, ఆర్బేక్ అని ఊరు లేదండీ ఇప్పుడు. కొట్టేసి స్టాల్‌హోవ అని రాయండి." కలం కూడా ఇచ్చింది. మర్యాదైన పిల్ల.

నా వెనక వరసలో జనం ఉన్నారు. అందరూ వింటున్నారు. నాకు సిగ్గేసింది. కలం తీసుకున్నాను. ఇన్నేళ్ళూ ఎవరేం చెప్పినా తలూపి ఇంటికొచ్చేవాణ్ణి. ఆ సమయంలో నాకు లంగా కిందికి దూరాలనిపించింది. అక్కడ లంగా లేదు.

కలం తిరిగి ఇచ్చేశాను. తల అడ్డంగా ఊపాను. చాలదనిపించి నోటితో కూడా అన్నాను.

"కాదమ్మా."

"అలా అయితే ముద్ర వెయ్యలేనండీ."

"సరే" అన్నాను. కవరు తీసుకుని వచ్చేశాను.  

సాయంత్రానికి ఇర్మాకి తెలిసింది. ఎవరు చెప్పారో. ఇవాళ నాతో తనూ వస్తోంది. ఒనొరే వస్తున్నాడు. కాతోని మోసే కుర్రాళ్ళు నలుగురూ వస్తున్నారు, వాళ్ళలో ఒకడు, ఉత్తరం రాయడానికి ఇంకెవరూ లేక, సైన్యంలో ఉన్న అన్నకి రాశాడట. అందరి కవర్ల వెనకా ఆర్బేక్ అనే ఉంది. వరసలో ముందు నేను నిలబడతాను. నేనే అన్నాను ఆ మాట.

ఇది నీ చేతిలో ఉందంటే ఆ అమ్మాయి ముద్ర వేసిందన్నమాట.

నీ తమ్ముడు
ఓడియేల్
ఆర్బేక్